ఉపరాష్ట్రపతి ఎంపిక: జోడీ లేని రాజ్యాంగంలో జోడీ లెక్కలు... ఖరగ్‌పూర్ తెలుగువారికి దక్కిందేమిటి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ శివార్లలో ఉన్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో టాటా హిటాచీ కర్మాగారం భారీ ఎక్స్‌కవేటర్లను తయారుచేస్తుంది. పట్టణం లోపలికి వస్తే, బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నాటి వర్క్‌షాపు, దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు కనిపిస్తాయి. ఆ క్వార్టర్లలో వినిపించే భాషలలో బెంగాలీ, హిందీతో పాటు తెలుగు కూడా ముఖ్యమైనది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి రైలు పట్టాల వెంట వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. పట్టణానికి 'మినీ ఇండియా' అన్న పేరు రావడంలో వారి వాటా చిన్నదేమీ కాదు.

ఈ ఊరికీ, భారత ఉపరాష్ట్రపతి పదవికీ మధ్య ఉన్న సంబంధం పాఠ్యపుస్తకాలలో కనిపించదు. 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969లో రాష్ట్రపతిగా ఎన్నికైన వరాహగిరి వెంకట గిరి దేశానికి మొదట తెలిసింది కార్మిక నాయకుడిగా. ఆయన నాయకత్వానికి గీటురాయిగా నిలిచింది ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల పోరాటం.

అత్యున్నత పదవికి పోటీచేసే వ్యక్తి పక్కన రెండో వ్యక్తిగా ఎవరిని నిలపాలన్న ప్రశ్న అమెరికాలో ప్రతి నాలుగేళ్లకూ వస్తుంది. భారతదేశంలో అదే ప్రశ్న మరో రూపంలో, మరో పేరుతో వస్తుంది. గత డెబ్బై ఏళ్లలో ఆ రెండో కుర్చీ చుట్టూ తెలుగువారి పేర్లు అసాధారణమైన సంఖ్యలో వినిపించాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి. గిరి, ముప్పవరపు వెంకయ్య నాయుడు ఆ కుర్చీలో కూర్చున్నారు. 2025 సెప్టెంబర్‌లో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి దానికోసం పోటీచేసి ఓడిపోయారు. అమెరికాలో ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. 2024 జూలై 15న డోనల్డ్ ట్రంప్ తన రన్నింగ్ మేట్‌గా వాన్స్ పేరు ప్రకటించగానే తెలుగు పత్రికలు, చానళ్లు ఆయనను 'ఆంధ్రా అల్లుడు'ను చేసేశాయి. అల్లుడి విధానాలు అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల వీసాలకు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్న చర్చ మాత్రం ఆలస్యంగా మొదలైంది.

ఒక భాషకో, ఒక ప్రాంతానికో చెందిన వ్యక్తిని రెండో స్థానానికి ఎంపిక చేసినప్పుడు, ఆ భాష మాట్లాడే సామాన్యుడికి అందులో నిజంగా దక్కేదేమిటి? ఈ ప్రశ్నకు ఖరగ్‌పూర్ నుంచి చూస్తే కనిపించే జవాబు, హైదరాబాద్ నుంచో అమరావతి నుంచో చూస్తే కనిపించే జవాబు కన్నా భిన్నమైనది.

అమెరికాలో ఒకే ఓటు, భారత్‌లో రెండు ఎన్నికలు

అమెరికాలో తొలి రోజులలో ఉపాధ్యక్షుణ్ని ప్రత్యేకంగా ఎంచుకునే పద్ధతి లేదు. అధ్యక్ష ఎన్నికలో రెండో స్థానంలో నిలిచినవారే ఉపాధ్యక్షుడు. ఫలితంగా 1796లో జాన్ ఆడమ్స్ అధ్యక్షుడు కాగా, ఆయన ప్రత్యర్థి థామస్ జెఫర్సన్ ఉపాధ్యక్షుడయ్యారు. 1800లో జెఫర్సన్‌కూ, ఆయన సహచరుడు ఆరన్ బర్‌కూ సమానంగా ఓట్లు రావడంతో గందరగోళం తలెత్తింది. 1804లో అమలులోకి వచ్చిన పన్నెండో రాజ్యాంగ సవరణ రెండు పదవులకూ వేర్వేరుగా ఓటు వేసే ఏర్పాటు చేసింది. ఆ తర్వాతే పార్టీలు ఇద్దరిని జంటగా నిలబెట్టే సంప్రదాయం స్థిరపడింది. ఇప్పుడు అక్కడి ఓటరు బ్యాలెట్‌పై ఆ జంటలో ఒకరిని వదిలి మరొకరికి ఓటు వేయలేడు.

భారత రాజ్యాంగం ఈ దారిలో వెళ్లలేదు. రాష్ట్రపతిని పార్లమెంటు ఉభయ సభల, రాష్ట్ర శాసనసభల ఎన్నికైన సభ్యులు ఎన్నుకుంటారు. ఉపరాష్ట్రపతిని 66వ అధికరణ ప్రకారం పార్లమెంటు సభ్యులు మాత్రమే ఎన్నుకుంటారు. నామినేటెడ్ సభ్యులకు కూడా ఇందులో ఓటు ఉంది, శాసనసభ్యులకు లేదు. అంటే ఖరగ్‌పూర్ ప్రజలు ఎన్నుకున్న ఎమ్మెల్యే రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేస్తారు, ఉపరాష్ట్రపతి ఎన్నికలో వేయరు. రాష్ట్రాలకు పాత్ర లేని ఎన్నికలోనే ప్రాంతీయ ఆత్మగౌరవం గురించి ఎక్కువగా మాట్లాడుకోవడం భారత రాజకీయాలలోని ఒక వింత.

పదవి స్వభావం కూడా వేరు. ఉపరాష్ట్రపతి దైనందిన పని రాజ్యసభను నడపడం. రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే ఆయన ఆ బాధ్యతలు నిర్వహిస్తారు కానీ, మిగిలిన పదవీకాలానికి తానే రాష్ట్రపతి కాలేరు. ఆరు నెలలలోగా కొత్త ఎన్నిక జరగాలి. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణించినప్పుడు, ఉపాధ్యక్షుడై మూడు నెలలు కూడా నిండని హ్యారీ ట్రూమన్ దాదాపు నాలుగేళ్ల పూర్తి అధికారాన్ని అందుకున్నారు. భారత ఉపరాష్ట్రపతికి అటువంటి వారసత్వం లేదు. అందువల్ల ఇక్కడి ఎంపికలో 'ఈయన రేపు దేశాన్ని నడపగలరా' అన్న ప్రశ్న కన్నా 'ఈయన పేరు ఎవరికి ఏ సంకేతం పంపుతుంది' అన్న ప్రశ్నే బరువెక్కింది.

1967: అద్దంలో ప్రతిబింబంలా రెండు జంటలు

రాజ్యాంగంలో జోడీ లేకపోయినా పార్టీలు మొదటినుంచీ జోడీగానే ఆలోచించాయి. 1952లో బిహార్‌కు చెందిన బాబూ రాజేంద్ర ప్రసాద్ రాష్ట్రపతి కాగా, దక్షిణాదికి చెందిన తెలుగు కుటుంబంలో జన్మించిన తత్త్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ పోటీ లేకుండా ఉపరాష్ట్రపతి అయ్యారు. 1957లో అదే జంట కొనసాగింది. 1962లో రాధాకృష్ణన్ రాష్ట్రపతిగా, జాకిర్ హుస్సేన్ ఉపరాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. ఉత్తరం, దక్షిణం, హిందువు, ముస్లిం, రాజకీయవేత్త, విద్యావేత్త అనే తూకం ఆ తొలి మూడు ఎంపికలలోనే స్థిరపడింది.

ఈ తూకం అత్యంత స్పష్టంగా కనిపించింది 1967లో. ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికలలో కాంగ్రెస్ అనేక రాష్ట్రాలలో అధికారం కోల్పోయింది. రాష్ట్రపతి ఎన్నికలో తొలిసారిగా నిజమైన పోటీ ఏర్పడింది. కాంగ్రెస్ జాకిర్ హుస్సేన్‌ను రాష్ట్రపతి పదవికి, వి.వి. గిరిని ఉపరాష్ట్రపతి పదవికి నిలిపింది. ప్రతిపక్షాలు రాష్ట్రపతి పదవికి కోకా సుబ్బారావును, ఉపరాష్ట్రపతి పదవికి అలీగఢ్ చరిత్రకారుడు ప్రొఫెసర్ మొహమ్మద్ హబీబ్‌ను నిలిపాయి. ఒకవైపు ముస్లిం విద్యావేత్త పక్కన తెలుగు కార్మిక నాయకుడు. మరోవైపు తెలుగు న్యాయమూర్తి పక్కన ముస్లిం విద్యావేత్త. ఒక పక్షం వేసిన తూకాన్ని మరో పక్షం తలకిందులు చేసి వేసింది, అంతే.

కోకా సుబ్బారావు సామాన్యమైన అభ్యర్థి కాదు. రాజమహేంద్రవరంలో జన్మించిన ఆయన భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగానే 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో చరిత్రాత్మక తీర్పు వెలువరించారు. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీ తేల్చింది, అయిదుగురు విభేదించారు. ఏప్రిల్‌లో ఆయన పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల బరిలోకి దిగారు. న్యాయపీఠం నుంచి నేరుగా ఎన్నికల బరిలోకి రావడం సమంజసమా అన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ విమర్శలో బలం లేకపోలేదు. ఫలితంలో జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971 లభించాయి. ఉపరాష్ట్రపతి ఎన్నికలో గిరికి 483, హబీబ్‌కు 193 ఓట్లు వచ్చాయి.

తెలుగు ఓటు ఒకటుంటుంది, అది తెలుగు అభ్యర్థికే పడుతుందని ఎవరైనా అనుకుంటే, ఆ ఏడాది అది ఎటు పడాలో చెప్పడం కష్టం. రెండు జంటలలోనూ ఒక తెలుగు వ్యక్తి ఉన్నారు.

ఖరగ్‌పూర్ నుంచి రైసినా హిల్ దాకా

గిరి 1894లో బరంపురంలో జన్మించారు. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ పట్టణం 1936లో ఒడిశా రాష్ట్రంలో చేరింది. అంటే ఆయన కూడా, ఖరగ్‌పూర్ తెలుగువారి మాదిరిగానే, సరిహద్దులు మారాక తెలుగు రాష్ట్రం వెలుపల మిగిలిన తెలుగువారిలో ఒకరు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతుండగా ఐర్లండ్ జాతీయోద్యమం ఆయనను ఆకర్షించింది. 1916 తిరుగుబాటు తర్వాత ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తిరిగివచ్చాక బరంపురంలో న్యాయవాదిగా స్థిరపడవలసిన మనిషి రైల్వే కార్మికుల మధ్యకు చేరారు.

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఒక ప్రైవేటు కంపెనీ. కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో దాని ప్రధాన కార్యాలయం, ఖరగ్‌పూర్‌లో దాని అతిపెద్ద వర్క్‌షాపు. 1920ల ద్వితీయార్ధంలో యాజమాన్యం ఉద్యోగాల కోతకు పూనుకోగా, ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మెకు దిగారు. వర్క్‌షాపు మూతపడింది, కుటుంబాలు నెలల తరబడి జీతం లేకుండా గడిపాయి. యూనియన్ తరఫున కంపెనీతోనూ, ప్రభుత్వంతోనూ వాదించినవారిలో గిరి ముఖ్యుడు. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులను ఒకే యూనియన్ కింద నిలపడం ఆనాడు తేలిక కాదు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకులలో ఒకరిగా, అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఆయనకు వచ్చిన గుర్తింపు వెనుక ఈ సమ్మెల అనుభవం ఉంది.

ఆ తర్వాత 1937లో మద్రాసు శాసనసభ ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును మంత్రివర్గం మార్చివేయడంతో 1954లో రాజీనామా చేశారు. వివాదాలను కోర్టులకు, ట్రైబ్యునళ్లకు అప్పగించడం కాక, యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్న ఆయన వాదనకు 'గిరి విధానం' అని పేరే వచ్చింది. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా పనిచేశాకనే 1967లో ఉపరాష్ట్రపతి అభ్యర్థి అయ్యారు.

కాంగ్రెస్ ఆయనను ఎంచుకున్నది కార్మిక నాయకుడన్న కారణంతోనా, దక్షిణాది వ్యక్తి అన్న కారణంతోనా అంటే, రెండూ పనిచేశాయనాలి. కానీ 1969లో ఆయన చేసిన పని చూస్తే, రెండో స్థానానికి ఎంపిక చేసిన వ్యక్తికి తనదంటూ ఒక పలుకుబడి ఉంటే ఏమి జరుగుతుందో అర్థమవుతుంది.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో బెంగళూరులో సమావేశమైన కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు, ప్రధాని ఇందిరా గాంధీ కోరుకున్న జగ్జీవన్ రామ్‌ను కాదని నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించింది. గిరి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. జూలై 20న ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేశారు. దాంతో రెండు కుర్చీలూ ఖాళీ అయ్యాయి. అటువంటి పరిస్థితి కోసం అప్పుడే, ఆ ఏడాది మే నెలలో చేసిన చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తి మొహమ్మద్ హిదాయతుల్లా రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టవలసి వచ్చింది. ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని పిలుపునిచ్చారు. ఆగస్టు 16న ఎన్నిక జరిగింది. తొలి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు. మలి ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. కొన్ని నెలలలోనే కాంగ్రెస్ రెండుగా చీలింది.

ఇద్దరు తెలుగువారి మధ్య జరిగిన ఆ పోటీలో గెలుపును నిర్ణయించింది భాష కాదు. కమ్యూనిస్టు పార్టీలు, డీఎంకే, అకాలీదళ్, కాంగ్రెస్‌లో ఇందిర వెంట నడిచినవారు గిరి వైపు నిలిచారు. అప్పుడు పశ్చిమ బెంగాల్‌లో ప్రభుత్వం నడుపుతున్న యునైటెడ్ ఫ్రంట్‌లోని వామపక్షాలు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి.

1974 మే: సమ్మె ఒకవైపు, రాష్ట్రపతి మరోవైపు

ఈ కథను ఇక్కడితో ఆపివేయడం వక్తలకు అలవాటు. ఖరగ్‌పూర్ కోణం నుంచి చూస్తే అయిదేళ్ల తర్వాత జరిగినదే ముఖ్యమైనది.

1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. నడిపించిన సంఘాలలో ప్రధానమైనది అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్. దాని అధ్యక్షుడు జార్జ్ ఫెర్నాండెజ్. ఆ ఫెడరేషన్ పుట్టుకలో పాలుపంచుకున్న గిరి అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. సమ్మెను ప్రభుత్వం కఠినంగా అణచివేసింది. వేలాది మందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల నుంచి తొలగించారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను ఖాళీ చేయించారు. మే 27న సమ్మె విరమించారు. గిరి పదవీకాలం ఆ ఏడాది ఆగస్టు వరకు ఉంది.

రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలి కనుక, ఆయన చేయగలిగింది పరిమితమే అన్న సమాధానం న్యాయమైనదే. కానీ మంత్రిగా ఉండగా బ్యాంకు ఉద్యోగుల కోసం రాజీనామా చేసిన వ్యక్తి, రాష్ట్రపతిగా తాను పెంచిన సంఘం సమ్మెను ఆపలేకపోయారు, అణచివేతనూ ఆపలేకపోయారు. పదవి ఎంత ఎత్తుకు పోయిందో చేతికి అందే అధికారం అంత తగ్గింది. ఇది ఒక వ్యక్తి వైఫల్యం అనడం కన్నా ఆ కుర్చీ నిర్మాణం అనడం సబబు.

'మనవాడు' పై కుర్చీలో కూర్చోవడం వల్ల తమకు ఏమి ఒరుగుతుందో అంచనా వేసుకోవడానికి ఖరగ్‌పూర్‌కు అందువల్ల ఒక సొంత కొలమానం ఉంది. ఈ పట్టణ తెలుగువారికి ప్రత్యక్షంగా అందిన ప్రయోజనాలలో చెప్పుకోదగినది, 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని తీసుకున్న నిర్ణయం. అది వచ్చింది రైసినా హిల్ నుంచి కాదు, రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల ముందు కోల్‌కతా నుంచి. స్థానికంగా తమ ఓట్లకు ఉన్న విలువే వారికి పనికివచ్చింది.

2017, 2022, 2025: సంకేతాల పరంపర

2017లో భారతీయ జనతా పార్టీ ఉత్తరప్రదేశ్‌కు చెందిన దళిత నాయకుడు రామ్‌నాథ్ కోవింద్‌ను రాష్ట్రపతి అభ్యర్థిగా జూన్ 19న ప్రకటించింది. నాలుగు వారాల తర్వాత, జూలై 17న, వెంకయ్య నాయుడు పేరు వచ్చింది. తూకం పాతదే, అయితే అదనంగా మరో అవసరం ఉంది. రాజ్యసభలో అప్పటికి అధికార పక్షానికి మెజారిటీ లేదు. సభను ఎరిగిన, అన్ని పార్టీలలో పరిచయాలున్న వ్యక్తి కావాలి. ఆయనకు 516 ఓట్లు, ప్రతిపక్షాల అభ్యర్థి, బెంగాల్ మాజీ గవర్నర్ గోపాలకృష్ణ గాంధీకి 244 ఓట్లు వచ్చాయి. నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్య నాయుడు రాజ్యసభకు ప్రాతినిధ్యం వహించింది కర్ణాటక, రాజస్థాన్ రాష్ట్రాల నుంచి. తెలుగువారికి ఉపరాష్ట్రపతి పదవి ఇచ్చామని పార్టీ చెప్పుకున్నా, ఆయన పార్లమెంటు జీవితంలో ఎక్కువ భాగం తెలుగు రాష్ట్రపు సీటుతో గడవలేదు.

2022లో ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాకు చెందిన సంతాల్ ఆదివాసీ మహిళ ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎంపిక ప్రభావం ఖరగ్‌పూర్ పరిసరాలలో తేలికగానే అర్థమవుతుంది. పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్ ప్రాంతాలలో సంతాల్ జనాభా గణనీయం. ఆమెకు జతగా అప్పటి బెంగాల్ గవర్నర్ జగదీప్ ధన్‌ఖడ్‌ను ఎంచుకున్నారు. రాజస్థాన్‌కు చెందిన జాట్ నాయకుడిని ముందుకు తేవడం, రైతు ఉద్యమం తర్వాత ఆ వర్గానికి పంపిన సంకేతమని విశ్లేషకులు భావించారు. ఆయనకు 528, మార్గరెట్ ఆల్వాకు 182 ఓట్లు వచ్చాయి. తృణమూల్ కాంగ్రెస్ ఓటింగ్‌కు దూరంగా ఉంది.

మూడేళ్లు తిరగకుండానే, 2025 జూలై 21న, ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చూపి రాజీనామా చేశారు. ఎంపిక సమయంలో ఎంతో లెక్క వేసిన జంట అకస్మాత్తుగా విడిపోయింది. ఈ సందర్భంలో అమెరికా 1972 అనుభవం గుర్తుకు రావడం సహజం. జార్జ్ మెక్‌గవర్న్ హడావుడిగా ఎంచుకున్న థామస్ ఈగల్టన్ గతంలో మానసిక కుంగుబాటుకు ఆసుపత్రిలో చికిత్స పొందారన్న విషయం ఎంపిక తర్వాత బయటపడింది. 18 రోజులలోనే ఆయన తప్పుకోవలసి వచ్చింది. అప్పటినుంచి అక్కడ ప్రతి అభ్యర్థి పన్నులు, ఆరోగ్యం, పాత ప్రసంగాలు, వ్యాపారాలు అన్నిటినీ నెలల తరబడి పరిశీలించే పద్ధతి గట్టిపడింది. ఇక్కడ ఆ పద్ధతి బహిరంగంగా లేదు. పార్లమెంటరీ బోర్డు సమావేశమవుతుంది, పేరు ప్రకటిస్తుంది, రెండు మూడు రోజులలో నామినేషన్ దాఖలవుతుంది. ఎవరిని పరిశీలించారు, ఎందుకు వద్దనుకున్నారు అన్నది ఊహాగానాలకే మిగిలిపోతుంది.

ఖాళీ అయిన పదవికి అధికార కూటమి తమిళనాడుకు చెందిన మహారాష్ట్ర గవర్నర్ సి.పి. రాధాకృష్ణన్‌ను ప్రకటించింది. రెండు రోజుల తర్వాత ప్రతిపక్షాలు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సుదర్శన్ రెడ్డిని ప్రకటించాయి. రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో జన్మించిన ఆయన, 2011లో ఛత్తీస్‌గఢ్‌లోని సల్వాజుడుం చట్టవిరుద్ధమని తీర్పునిచ్చిన ధర్మాసనంలో ఉన్నారు. 1967 తర్వాత మరోసారి ఒక తెలుగు న్యాయమూర్తి ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థి అయ్యారు.

ఆ ఎంపిక వెనుక లెక్క దాచుకున్నదేమీ కాదు. అధికార కూటమి మనుగడలో తెలుగుదేశం పార్టీ కీలకం. తెలుగు అభ్యర్థిని నిలిపితే తెలుగుదేశం, జనసేన, వైఎస్సార్ కాంగ్రెస్, భారత రాష్ట్ర సమితి పార్టీలు ఇరకాటంలో పడతాయని భావించారు. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పార్టీలకు అతీతంగా తెలుగు బిడ్డను గెలిపించాలని కోరారు. ఫలితం వేరుగా వచ్చింది. తెలుగుదేశం, జనసేన కూటమి ధర్మానికి కట్టుబడ్డాయి. ప్రతిపక్షంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ సైతం రాధాకృష్ణన్‌కే మద్దతిచ్చింది. భారత రాష్ట్ర సమితి ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. సెప్టెంబర్ 9న పోలైన 767 ఓట్లలో 15 చెల్లలేదు. రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్ రెడ్డికి 300 వచ్చాయి.

ఖరగ్‌పూర్ తెలుగువారి పరిస్థితిని ఇక్కడ గమనించాలి. వారు నివసించే పట్టణం మేదినీపూర్ లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. 2024లో అక్కడ గెలిచింది తృణమూల్ కాంగ్రెస్. ఆ పార్టీ సుదర్శన్ రెడ్డికి మద్దతు ప్రకటించింది. వారి పూర్వీకులు బయలుదేరి వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం లోక్‌సభ స్థానాలు మూడూ తెలుగుదేశం చేతిలో ఉన్నాయి. ఆ పార్టీ నిలిచింది తమిళనాడు అభ్యర్థి వెంట. బ్యాలెట్ రహస్యం కనుక ఏ సభ్యుడు ఎలా ఓటు వేశారో చెప్పలేం గానీ, పార్టీల నిర్ణయాల ప్రకారం చూస్తే, తెలుగు అభ్యర్థికి అండగా నిలిచింది బెంగాల్ సీటు, ఉత్తరాంధ్ర సీట్లు కావు.

దీనిని తెలుగు పార్టీల ద్రోహంగా చిత్రించడం తేలిక. అది సరైన అంచనా కాదు. ఉత్తరాంధ్ర ఎంపీకి విశాఖ ఉక్కు, రైల్వే జోన్, పోలవరం, అమరావతి నిధులు దిల్లీతో తేల్చుకోవలసిన విషయాలు. రాజ్యసభ అధ్యక్ష స్థానంలో తెలుగు మాట్లాడే వ్యక్తి ఉండటం వాటిలో ఒక్కదానిని కూడా కదిలించదు. పార్టీలు ఆ విషయాన్ని దాపరికం లేకుండా లెక్కవేశాయి. ఆక్షేపించవలసిందేదైనా ఉంటే, అది సరిగ్గా ఎనిమిదేళ్ల ముందు, వెంకయ్య నాయుడు ఎన్నికైనప్పుడు తెలుగు జాతికి దక్కిన గౌరవమని వేదికలెక్కినవారే ఈసారి ఆ మాట ఎత్తకపోవడాన్ని.

అమెరికాలో కూడా ప్రాంతీయ తూకం ఫలితం ఇంతకన్నా మెరుగ్గా లేదు. రన్నింగ్ మేట్ తన సొంత రాష్ట్రాన్ని గెలిపించి పెడతారన్న నమ్మకాన్ని పరిశీలించిన రాజనీతి శాస్త్రవేత్తలు క్రిస్టఫర్ డివైన్, కైల్ కాప్కో ఆ ప్రభావం సాధారణంగా అత్యల్పమని తేల్చారు. 1960లో లిండన్ జాన్సన్ వల్ల కెనెడీ టెక్సస్‌ను గెలిచారన్న ఉదాహరణ ఇప్పటికీ వినిపిస్తుంది. అరవై ఏళ్లుగా అదే ఉదాహరణ వినిపించడమే ఆ వాదన బలహీనతను చెబుతుంది. వారి పరిశీలనలో తేలిన మరో అంశం, రెండో వ్యక్తి ఎంపికను బట్టి ఓటర్లు మొదటి వ్యక్తి వివేకాన్ని అంచనా వేస్తారన్నది.

2027లో తలకిందులయ్యే లెక్క

1987 నుంచి 2022 వరకు ప్రతి అయిదేళ్లకూ రాష్ట్రపతి ఎన్నిక జూలైలో, ఉపరాష్ట్రపతి ఎన్నిక ఆగస్టులో జరుగుతూ వచ్చాయి. కొన్ని వారాల తేడాతో రెండు పేర్లు ప్రకటించే అవకాశం ఉండటం వల్లే రాజ్యాంగంలో లేని జోడీ రాజకీయాలలో సాధ్యమైంది. ధన్‌ఖడ్ రాజీనామాతో ఆ వరుస తెగింది. మధ్యలో ఖాళీ అయిన ఉపరాష్ట్రపతి పదవికి ఎన్నికైనవారు మిగిలిన కాలానికి కాక పూర్తిగా అయిదేళ్లు కొనసాగుతారని 68వ అధికరణ చెబుతుంది. 2025 సెప్టెంబర్ 12న ప్రమాణ స్వీకారం చేసిన రాధాకృష్ణన్ పదవీకాలం 2030 సెప్టెంబర్ దాకా ఉంది. ద్రౌపదీ ముర్ము పదవీకాలం 2027 జూలైతో ముగుస్తుంది.

కనుక ఈసారి రెండో వ్యక్తి ముందుగానే నిర్ణయమైపోయారు. దక్షిణాదికి, వెనుకబడిన వర్గాలకు చెందిన ఉపరాష్ట్రపతి కుర్చీలో ఉండగా, ఆయన పక్కన ఒదిగే రాష్ట్రపతిని వెతకవలసి ఉంటుంది. దక్షిణాది నుంచి రాష్ట్రపతి అభ్యర్థిని కోరే తెలుగు రాష్ట్రాల నాయకులకు ఇది తొలి అడ్డంకి. లేదా 1987, 1992, 1997లలో వరుసగా ఆర్. వెంకటరామన్, శంకర్ దయాళ్ శర్మ, కె.ఆర్. నారాయణన్ విషయంలో జరిగినట్లు ఉపరాష్ట్రపతినే పైకి పంపితే, కింది కుర్చీ ఖాళీ అయి పాత వరుస మళ్లీ కుదురుకుంటుంది. ఆ ముగ్గురి తర్వాత ఏ ఉపరాష్ట్రపతికీ ఆ పదోన్నతి దక్కలేదు. 2007లో పోటీచేసిన భైరాన్‌సింగ్ షెకావత్ ఓడిపోయారు.

ఆ ఎన్నికలో శాసనసభలకు ఓటు ఉంటుంది. 1971 జనాభా లెక్కల ఆధారంగా పశ్చిమ బెంగాల్ ఎమ్మెల్యే ఓటు విలువ 151, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల వివరాలు ప్రచురితమయ్యే దాకా ఈ విలువలు మారవు. 2027 జనగణన ఫలితాలు జూలైలోగా రాకపోతే, విద్యాసాగర్ పార్క్‌లో నేడు పనిచేస్తున్న తరం తరఫున పడే ఓటు కూడా వారి తాతల కాలపు తలల లెక్క ప్రకారమే పడుతుంది.